వైద్యం ఒక సాఫ్ట్‌వేర్‌లో, బిల్లు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో: రెంటినీ కలపడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు 50 నుంచి 300 పడకలున్న ఆస్పత్రుల కోసం ఈ పేజీ. యాజమాన్యం, ఐటీ ఇన్‌చార్జి, ఎమ్మార్డీ (మెడికల్ రికార్డుల విభాగం), బిల్లింగ్, ల్యాబ్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఒకచోట చేర్చాం.

అసలు కలపడం అంటే ఏమిటి? మాకు ఇప్పటికే అన్ని చోట్లా కంప్యూటర్లు ఉన్నాయి కదా?

కంప్యూటర్లు ఉండటం వేరు, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వేరు. చాలా ఆస్పత్రుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అకౌంట్స్ వాళ్లు కొన్నది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మెషీన్‌తో పాటు వచ్చింది. సీటీ కొన్నప్పుడు దాని బొమ్మలు దాచే సర్వర్ వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం పాత ఫైలు తెరిచి, పేరు మార్చి టైప్ చేస్తారు. ఒకే పేషెంట్ పేరును ఒక రోజులో నలుగురైదుగురు కొడతారు, ఎవరి స్పెల్లింగు వారిది.

కలిశాయా లేదా అన్నది మూడు విషయాల్లో చూసుకోండి. కౌంటర్‌లో ఒకసారి కొట్టిన పేరు ఇంకెక్కడా కొట్టే పని ఉండకూడదు. డాక్టరు రాసిన టెస్టు తనంతట తానే ల్యాబ్‌కీ, బిల్లుకీ చేరాలి. రిజల్టు ఎవరూ చేతితో ఎక్కించకుండా కేస్ షీట్‌లోకి రావాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లకాగితం మీద. ఏ సమాచారానికి ఎవరు సొంతదారో ముందు రాయండి. పేరు, వయసు, ఫోను: రిజిస్ట్రేషన్. ధరలు: బిల్లింగ్. టెస్టుల పేర్లు, నార్మల్ రేంజ్‌లు: ల్యాబ్. మందుల జాబితా: స్టోర్స్. డాక్టర్ల జాబితా: హెచ్‌ఆర్. సొంతదారు ఒక్కరే మార్చాలి, మిగతా సాఫ్ట్‌వేర్లు చదువుకోవాలి అంతే. ఈ కాగితం మీద సూపరింటెండెంట్‌తో పాటు అన్ని విభాగాల పెద్దలూ సంతకం పెట్టాకే వెండర్‌ను పిలవండి. ల్యాబ్‌లో "సీబీపీ", బిల్లింగ్‌లో "హీమోగ్రామ్", డాక్టరు స్క్రీన్‌లో "సీబీసీ" అని ఒకే టెస్టు మూడు పేర్లతో ఉంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా కలపలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎక్కువ కాలం తినేది ఈ పేర్ల పంచాయితీయే. కేబుళ్ల పని అంత కష్టం కాదు.

ఒక పేషెంట్‌కి ఒక నంబరు అంటారు. మా దగ్గర ఒక్కొక్కరికి మూడేసి నంబర్లున్నాయి. ఏం చేయాలి?

ఇది మన వైపు మరీ ఎక్కువ. పెంచలకోన వల్ల నెల్లూరు పల్లెల్లో పెంచలయ్యలు, పెంచలమ్మలు. మాలకొండ వల్ల కందుకూరు, పామూరు వైపు మాలకొండయ్యలు. ఏ ఊరికెళ్లినా మస్తాన్‌లు, మస్తానమ్మలు. ఇంగ్లీషులో ఒకే పెంచలయ్యను మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకరు ముందు పెడతారు, ఒకరు వెనక. "షేక్" అని వెతికితే వందల పేర్లు వస్తాయి. విసిగిపోయిన కౌంటర్ అమ్మాయి కొత్త నంబరు ఇచ్చేస్తుంది. అందులో ఆమె తప్పు లేదు. వెతకడానికి సరైన దారి మనం ఇవ్వలేదు.

స్క్రీన్ ఇలా ఉండాలి. ముందు మొబైల్ నంబరుతో వెతకాలి. ఒకే ఫోను ఇంటిల్లిపాదిదీ అవుతుంది కాబట్టి ఆ నంబరు కింద ఉన్నవాళ్లందరి జాబితా రావాలి. అందులోంచి పేరు, ఆడ/మగ, వయసు, ఊరు చూసి ఎంచుకోవాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు మూడూ వేర్వేరు గడుల్లో ఉండాలి. వయసు "45" అని మాత్రమే చెబితే పుట్టిన సంవత్సరం లెక్కగట్టి, పక్కన "అంచనా" అని గుర్తు పెట్టాలి. జనవరి 1 అని పుట్టినరోజు కల్పించి వదిలేస్తే, రేపు ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరుతో పోల్చేటప్పుడు ఒక్కటీ సరిపోదు.

పాత డూప్లికేట్లను సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలపకూడదు. అది అనుమానమున్న జతల జాబితా ఇవ్వాలి, ఎమ్మార్డీలో ఒకరు కేస్ షీట్లు చూసి నిర్ణయించాలి. ఇద్దరు వేర్వేరు మనుషుల రికార్డులు కలిసిపోతే ఒకరి బ్లడ్ గ్రూపు, అలర్జీ ఇంకొకరికి అంటుకుంటాయి. డూప్లికేట్ మిగిలిపోవడం ఇబ్బంది. తప్పుగా కలపడం ప్రాణాంతకం.

ఊరి పేరుకు కూడా జాగ్రత్త కావాలా?

కావాలి. ఊరు, మండలం, జిల్లా టైప్ చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకోనివ్వండి, వెనకాల ప్రతి ఊరికీ, మండలానికీ, జిల్లాకీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్ పెట్టండి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారాయి. జిల్లా పేరును పేషెంట్ రికార్డులో అక్షరాలుగా దాచిన చోట పాత, కొత్త లెక్కలు కలవవు. హద్దులు మళ్లీ మారవచ్చు కాబట్టి ఏ తేదీ నుంచి ఏ జిల్లా అన్నది జాబితాలోనే ఉండాలి.

హైవే మీద యాక్సిడెంట్ అయి 108లో తెచ్చిన పేషెంట్ పేరు తెలియదు. నంబరు ఎలా?

16వ నంబరు జాతీయ రహదారి పక్క ఆస్పత్రులన్నిటికీ ఇది రోజువారీ పని. పేరు కోసం ఆగకుండా అసలైన యూహెచ్‌ఐడీనే (పేషెంట్ శాశ్వత నంబరు) ఇచ్చి, పేరు గడిలో "గుర్తు తెలియని పురుషుడు", తేదీ, వరస సంఖ్య వేయండి, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) గుర్తు పెట్టండి. బంధువులు వచ్చాక అదే నంబరు మీద పేరు సరిచేస్తే చాలు. ఆయనకు అంతకుముందే నంబరు ఉందని తేలితే రెండు రికార్డులు కలిపే సందేశం వెళ్లాలి. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే హెచ్‌ఎల్7 భాషలో ఆ సందేశం పేరు ఏ40. దీన్ని బిల్లింగ్ అర్థం చేసుకుని, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ పట్టించుకోకపోతే బ్లడ్ బ్యాంక్ రిపోర్టు పాత నంబరు కిందే ఉండిపోతుంది. కొనేముందు ప్రతి వెండర్‌తోనూ ఏ40 చేసి చూపించమనండి.

పుట్టిన బిడ్డకూ పుట్టిన నిమిషంలోనే సొంత నంబరు, తల్లి నంబరుతో లంకె. కవలలైతే "బేబీ 1", "బేబీ 2". తల్లి నంబరు మీద బిడ్డ బిలిరుబిన్ (కామెర్ల) టెస్టు రాసే అలవాటు ఉంటే ఈరోజే ఆపండి.

హెచ్‌ఎల్7, ఫైర్, డైకామ్... వీటిలో మాకు ఏది కావాలి?

మూడూ కావాలి, మూడు వేర్వేరు పనులకు. ఆస్పత్రి లోపల సాఫ్ట్‌వేర్ల మధ్య మాటలకు హెచ్‌ఎల్7 రెండో వెర్షన్. పాతదే అయినా దాదాపు అందరికీ వచ్చిన భాష. బొమ్మలకు డైకామ్. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో బయటి లావాదేవీలకు ఫైర్ ఆర్4.

హెచ్‌ఎల్7లో మీకు మొదట కావలసిన సందేశాలు కొన్నే: అడ్మిషన్ ఏ01, బెడ్ మార్పు ఏ02, డిశ్చార్జ్ ఏ03, ఓపీ రిజిస్ట్రేషన్ ఏ04, వివరాల సవరణ ఏ08, టెస్టు ఆర్డర్‌కు ఓఆర్‌ఎం, రిజల్టుకు ఓఆర్‌యూ, చార్జీకి డీఎఫ్‌టీ. మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్ ఇంజిన్ (సందేశాలు అందుకుని, అవసరమైతే మార్చి, చేరవేసే సాఫ్ట్‌వేర్) పెట్టండి. ఆరు సాఫ్ట్‌వేర్లను ఒకదానికొకటి నేరుగా కలిపితే 15 లంకెలు. అన్నీ ఇంజిన్‌కి కలిపితే ఆరే. అలాంటి ఇంజిన్లలో ఒకటైన మిర్త్ కనెక్ట్ చాలాకాలం ఉచితంగా దొరికింది. 2025లో 4.6 వెర్షన్ నుంచి అది లైసెన్సు కొనాల్సిన సరుకైంది. పాత 4.5 మీద నడుపుతున్నవాళ్లు భద్రతా సవరణల సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి.

ఒకే టెస్టు చార్జీ రెండుసార్లు పడుతోంది. కారణం?

సాధారణంగా ఒకటే. పంపిన సాఫ్ట్‌వేర్‌కి "అందింది" అన్న జవాబు ఆలస్యమై, అదే సందేశాన్ని మళ్లీ పంపింది. అందుకున్నది దాన్ని కొత్తదనుకుంది. ప్రతి హెచ్‌ఎల్7 సందేశానికీ ఎంఎస్‌హెచ్ అనే మొదటి వరసలో పదో గడిలో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది ఇంతకుముందు వచ్చిందా అని చూసి, వచ్చి ఉంటే చార్జీ వేయకుండా "అందింది" అని మాత్రం చెప్పాలి. పరీక్షించడానికి పగలు పనివేళలో ల్యాబ్ సర్వర్ నెట్ కేబుల్ ఐదు నిమిషాలు తీసి పెట్టండి, తరవాత బిల్లులు చూడండి.

చార్జీ ఏ క్షణంలో పడాలి? ఆర్డర్ రాసినప్పుడా, టెస్టు అయ్యాకా?

దీని మీద స్పష్టత లేకనే డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర గొడవలు.

ఐపీ (ఆస్పత్రిలో చేరిన పేషెంట్) ల్యాబ్ టెస్టుకు, శాంపిల్‌ను ల్యాబ్ స్వీకరించి బార్‌కోడ్ స్కాన్ చేసిన క్షణం. ఆర్డర్ దగ్గరే వేస్తే రద్దయిన ప్రతి టెస్టుకూ రీఫండ్ రాయాలి. రిజల్టు దగ్గర వేస్తే, రెండు మూడు రోజులు పట్టే కల్చర్ రిపోర్టు వచ్చేసరికి పేషెంట్ ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. ఓపీలో మాత్రం డబ్బు కట్టాకే శాంపిల్. అయితే ఎమర్జెన్సీ గుర్తు పెడితే ఆ తాళం తెరుచుకోవాలి. డబ్బు కట్టలేదని గుండెపోటును తేల్చే ట్రోపోనిన్ టెస్టు ఆగిపోయే వ్యవస్థను ఏ ఆస్పత్రీ పెట్టుకోకూడదు.

స్కాన్‌కు, టెక్నీషియన్ "పూర్తయింది" నొక్కినప్పుడు. స్కాన్ కోసం కాంట్రాస్ట్ మందు వాడితే అది బిల్లులో వేరే వరస.

బెడ్ అద్దె ఏ02 సందేశం సమయాన్ని బట్టి పడుతుంది. అసలు చిక్కు ఇక్కడే. ఐసీయూ నుంచి పొద్దున 10కి వార్డుకు మార్చి, సిస్టమ్‌లో సాయంత్రం 4కి నమోదు చేస్తే ఆ ఆరు గంటల ఐసీయూ అద్దె పేషెంట్ నెత్తిన పడుతుంది. బెడ్ మార్పును పంపే వార్డు నమోదు చేయాలా, తీసుకునే వార్డా? తీసుకునే వార్డే చేయాలని మా అభిప్రాయం, ఎందుకంటే మనిషి అక్కడ ఉన్నాడని కళ్లతో చూసేది వాళ్లే. ఒకే రోజు రెండు చోట్ల ఉంటే ఏ అద్దె వేస్తారో టారిఫ్‌లో (ధరల పట్టిక) రాసి గోడకు అంటించండి. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 రూపాయలు దాటితే 2022 జూలై 18 నుంచి 5% జీఎస్టీ ఉంది. ఆ లెక్క గది రకాన్ని బట్టి తనంతట తానే పడాలి.

స్టెంట్లకు 2017 నుంచి ధరల పరిమితి ఉంది. బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా కనపడాలి. క్యాథ్ ల్యాబ్‌లో పెట్టె మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే స్టాక్, బిల్లు, ప్రొసీజర్ నోట్స్ మూడింటికీ ఒకేసారి వెళ్తుంది.

డాక్టరు ఒక మాత్ర రాస్తే బిల్లులో పది పడ్డాయి. ఎందుకు?

డాక్టరు స్క్రీన్‌లో లెక్క మాత్రల్లో ఉంది, ఫార్మసీలో స్ట్రిప్పుల్లో ఉంది. ప్రతి మందుకూ కొనే కొలత, ఇచ్చే కొలత, మధ్య గుణకం నింపాలి: ఒక పెట్టె 10 స్ట్రిప్పులు, స్ట్రిప్పు 10 మాత్రలు. సిరప్, ఇన్సులిన్‌లకు మరీ జాగ్రత్త. ఇన్సులిన్ యూనిట్లలో రాస్తారు, వయల్‌లో ఇస్తారు. మొదట ఎక్కువగా కదిలే 300 మందులకు ఈ గుణకాలు ఇద్దరు మనుషులు విడివిడిగా నింపి పోల్చాలి.

ఇంకో సంగతి. ఐపీలో చికిత్సలో భాగంగా ఇచ్చే మందులకు జీఎస్టీ మినహాయింపు ఉంది, ఓపీ పేషెంట్‌కి అమ్మేవాటికి పన్ను ఉంది. ఫార్మసీ సాఫ్ట్‌వేర్‌కి పేషెంట్ ఐపీయా ఓపీయా అన్నది ఏ01, ఏ03 సందేశాల నుంచే తెలియాలి. కౌంటర్‌లో అబ్బాయి ఊహించి నొక్కితే తేడాలొస్తాయి.

ల్యాబ్ మెషీన్లను కలపడానికి ఏమేం కావాలి?

మెషీన్ మాన్యువల్‌లో "హోస్ట్ ఇంటర్‌ఫేస్" అధ్యాయం తీయండి. పాత అనలైజర్లకు సీరియల్ పోర్టే ఉంటుంది. దానికి సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్ కావాలి. బాడ్ రేటు (డేటా పంపే వేగం, ఎక్కువగా 9600), డేటా బిట్లు, ప్యారిటీ, స్టాప్ బిట్ రెండువైపులా ఒకటే ఉండాలి. తెరమీద చెత్త అక్షరాలు వస్తే బాడ్ రేటు తప్పు. అసలేమీ రాకపోతే పంపే, అందుకునే తీగలు తారుమారై ఉంటాయి, క్రాస్ కేబుల్ వేసి చూడండి. చాలా మెషీన్లు మాట్లాడేది ఏఎస్‌టీఎం భాష. కొత్తవాటికి హెచ్‌ఎల్7 వచ్చు.

ఒక వైపే కలిపితే రిజల్టు వస్తుంది గానీ ఏ టెస్టు చేయాలో మెషీన్‌కి మనిషే చెప్పాలి. రెండు వైపులా కలిపితే ట్యూబ్ బార్‌కోడ్ చదివి మెషీనే అడుగుతుంది. రోజుకు 100 శాంపిళ్లు దాటితే రెండు వైపుల లంకె లేకుండా ఒప్పుకోవద్దు.

స్టిక్కర్ 50 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు, కోడ్ 128 రకం బార్‌కోడ్. ట్యూబ్‌కి నిలువుగా, ముడతల్లేకుండా అంటించాలి. చుట్టూ తిప్పి అంటిస్తే గీతలు వంగిపోయి రీడర్ చదవదు. గీతలకు రెండు పక్కలా ఖాళీ తెలుపు ఉండాలి. స్టిక్కర్ రక్తం తీసేటప్పుడు పేషెంట్ పక్కనే తీయాలి. నర్సింగ్ స్టేషన్‌లో ఇరవై మందివీ ఒకేసారి ప్రింట్ తీసి ట్రేలో పెట్టుకుంటే, ఒకరి రక్తానికి మరొకరి పేరు అంటడం ఖాయం.

ప్లేట్‌లెట్ రిపోర్టు అంకెల్లో తేడా వస్తోంది.

యూనిట్ల తప్పు. మెషీన్ 150 అని పంపుతుంది, అంటే మైక్రోలీటరుకు 150 వేలు. మన డాక్టర్లు చదివేది 1.5 లక్షలని. మధ్యలో మార్పిడి రెండు చోట్ల పెడితే లేదా ఎక్కడా పెట్టకపోతే డెంగీ సీజన్‌లో 40 వేలున్న పిల్లాడి రిపోర్టు 400గానో 40 లక్షలుగానో కనపడే ప్రమాదముంది. మార్పిడి ఒక్క చోటే, ఇంటర్‌ఫేస్ ఇంజిన్‌లోనే పెట్టండి. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోకి మార్చడానికి, లీటరుకు మిల్లీమోల్స్‌లో ఉన్న గ్లూకోజ్‌ను 18తో గుణించాలి, లీటరుకు మైక్రోమోల్స్‌లో ఉన్న క్రియాటినిన్‌ను 88.4తో భాగించాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లకు క్రియాటినిన్ పాత అంకెలతో పోల్చి చూడటమే ముఖ్యం కాబట్టి పాత ల్యాబ్ డేటా తెచ్చేటప్పుడు యూనిట్ కూడా తేవాలి. ప్రారంభానికి ముందు ప్రతి టెస్టుకూ తక్కువ, నార్మల్, ఎక్కువ మూడు శాంపిళ్లు పెట్టి, మెషీన్ తెర మీది అంకె, చివరి పీడీఎఫ్‌లో అంకె పక్కపక్కన రాసి పాథాలజిస్టు సంతకం తీసుకోండి. ఈ పని తప్పించుకోవద్దు.

ఎక్స్‌రే, సీటీ బొమ్మలకు ఎంత స్థలం పడుతుంది?

సీటీలో ఒక స్లైస్ 512×512 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, అంటే అర మెగాబైట్. 400 స్లైసులకు 200 మెగాబైట్లు. రోజుకు 20 సీటీలైతే 4 గిగాబైట్లు, ఏడాదికి ఒకటిన్నర టెరాబైట్. నష్టం లేని కుదింపుతో సుమారు సగమవుతుంది. డిజిటల్ ఎక్స్‌రే ఒక్కోటి 10 మెగాబైట్ల పైమాటే.

స్థలం కంటే ముఖ్యమైనది వర్క్‌లిస్ట్, అంటే స్కాన్ చేయాల్సిన పేషెంట్ల జాబితా. పేషెంట్ పేరు, నంబరు మెషీన్ కన్సోల్ మీద తామే కనపడాలి. టెక్నీషియన్ చేత్తో కొడితే ఆ బొమ్మలు ఎవరికీ చెందని అనాథలవుతాయి. వర్క్‌లిస్ట్ రాకపోతే ఏఈ టైటిల్ (డైకామ్‌లో ఆ మెషీన్‌కి పెట్టిన పేరు) చూడండి. చిన్న, పెద్ద అక్షరాల తేడా ఉన్నా కుదరదు. గర్భిణుల అల్ట్రాసౌండ్‌కు లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నింపే ఫారం ఎఫ్ పూర్తికానిదే ఆర్డర్ ముందుకు కదలకుండా తాళం పెట్టండి. చెన్నైలో రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి డైకామ్ బొమ్మలు సీడీలోనో లింకుగానో ఇచ్చే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

వైద్యసేవ, ఇన్సూరెన్స్ పేషెంట్ల సంగతి?

ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీ పేషెంట్‌కి బిల్లు ప్యాకేజీ మొత్తమే అయినా, వాడిన ప్రతి మందూ, సూదీ నమోదు కావాలి. లేకపోతే ఏ ప్యాకేజీలో మిగులుతోందో, దేనిలో చేతినుంచి పడుతోందో తెలియదు. పథకం కేసు నంబరును అడ్మిషన్ నంబరు పక్కనే దాచండి. ప్రీఆథ్‌కు (ముందస్తు అనుమతి), క్లెయిమ్‌కు కావలసిన రిపోర్టులు, ఫొటోలు, నోట్స్ ఒక్క నొక్కుతో ఒకే ఫోల్డర్‌గా దిగాలి. ఆరోగ్యమిత్ర నాలుగు విభాగాలు తిరిగి కాగితాలు ఏరుకునే పరిస్థితి ఉండకూడదు.

ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నిబంధనల ప్రకారం డిశ్చార్జ్ అనుమతి ఆస్పత్రి అడిగిన 3 గంటల్లో రావాలి. ఆ గడియారం ఆస్పత్రి అడిగాకే మొదలవుతుంది. అంతకుముందు పోయే సమయం మనదే: వార్డు నుంచి తిరిగిరాని మందులు, సంతకం కాని సమ్మరీ, మూయని ఓటీ నోట్స్. డాక్టరు ముందురోజు సాయంత్రం "రేపు డిశ్చార్జ్" అని గుర్తు పెడితే ఈ మూడు జాబితాలూ ఆయా విభాగాల తెరమీద వెంటనే కనపడేలా చేయండి.

ఆభా నంబరు ఎప్పుడు తీసుకోవాలి?

రిజిస్ట్రేషన్‌లోనే, మొదటి దశలోనే. 14 అంకెలది. పేషెంట్ ఇష్టపడితేనే, లేదంటే వైద్యం ఆగకూడదు. ఆధార్ నంబరును మీ డేటాబేస్‌లో దాచకండి. డిజిటల్ మిషన్‌లో మూడు మెట్లు: ఎం1 ఆభా సృష్టి, సరిచూపు, ఎం2 మీ రికార్డులను లంకె చేసి పంచడం, ఎం3 పేషెంట్ అనుమతితో బయటి రికార్డులు చూడటం. ఎం1 కష్టం కాదు. ఎం2 దగ్గరే డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టు ఫైర్ రూపంలో తయారు కావాలి. లోపలి కలయిక సరిగా లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఓపీలో పేషెంట్ క్యూఆర్ స్కాన్ చేసి తన వివరాలు తానే పంపే పద్ధతి పెడితే స్పెల్లింగు తప్పులు బాగా తగ్గుతాయి.

తెలుగులో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

దారిలో ఏదో ఒక చోట, అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 కోడింగ్ లేదు. డేటాబేస్, ఇంజిన్, సందేశంలో ఎంఎస్‌హెచ్-18 గడి, ప్రింటర్ ఫాంటు వరసగా చూడండి. అనలైజర్లకు తెలుగు రాదు, వాటికి ఇంగ్లీషు పేరే పంపాలి.

కరెంటు, నెట్ పోతే? నవంబరు, డిసెంబరు వానల్లో మాకు రోజుల తరబడి ఇబ్బంది.

సర్వర్ ఆస్పత్రిలోనే ఉండి, కాపీ బయట ఉండటం మన కోస్తాకు మంచిది. వేర్వేరు దారుల్లో వచ్చే రెండు నెట్ కనెక్షన్లు పెట్టుకోండి. ఒకే స్తంభాల మీద వచ్చే రెండు కేబుళ్లు రెండు కావు. సర్వర్ గది కింది అంతస్తులో ఉంటే పైకి మార్చండి.

ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో ఎర్ర ఫైలు ఉండాలి. అందులో ఖాళీ ఆర్డర్ ఫారాలు, ముందే బార్‌కోడ్ వేసిన 50 అత్యవసర నంబర్లు, రెండు గంటలకోసారి దానంతట అదే ప్రింటయ్యే బెడ్ జాబితా, అలర్జీలు, నడుస్తున్న మందులు. సిస్టమ్ వచ్చాక ఎక్కించేటప్పుడు అసలు జరిగిన సమయం వేయాలి, ఎక్కించిన సమయం కాదు. మూడు నెలలకోసారి రెండు గంటలు కావాలనే ఆపి సాధన చేయండి.

భద్రత విషయంలో కనీసం ఏం చేయాలి?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగి రోజుల తరబడి చేతిరాతతో ఆస్పత్రి నడపాల్సివచ్చింది. బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడిగా ఉండాలి, నెలకోసారి దాన్ని నిజంగా తెరిచి నడిపి చూడాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం దాడిని గుర్తించిన 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ (కేంద్ర సంస్థలు) సమయ సర్వర్లతో కలపాలి. గడియారాల సంగతి వైద్యానికీ అవసరమే. అనలైజర్ 20 నిమిషాలు వెనకుంటే రక్తం తీయకముందే రిజల్టు వచ్చినట్టు కనపడుతుంది. వార్డంతటికీ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఎవరు ఏం చేశారో ఎప్పటికీ తేలదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కింద బాధ్యత ఆస్పత్రిదే.

వెండర్ ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

డేటా ఆస్పత్రిదని. ఒప్పందం ముగిస్తే మొత్తం డేటా, దాని పట్టికల వివరణతో సహా, అదనపు రుసుము లేకుండా ఇవ్వాలని. ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ ధర విడిగా, ముందే. "హెచ్‌ఎల్7 సపోర్ట్ ఉంది" అన్న మాట చాలదు. ఏ సందేశాలు పంపుతుంది, ఏవి అందుకుంటుంది, నమూనాలతో సహా అనుబంధంగా జతచేయాలి. రాత్రి 2 గంటలకు ల్యాబ్ లంకె తెగితే ఎన్ని నిమిషాల్లో ఎవరు పలుకుతారో కూడా రాయించండి.

డాక్టర్లు టైప్ చేయమంటే ఒప్పుకోవడం లేదు.

వాళ్లకు తీరిక లేదన్నది నిజం. ఒక్కో విభాగానికి ఎక్కువగా రాసే 20 ఆర్డర్ సెట్లు ముందే తయారుచేయండి: జ్వరానికి ఒకటి, ఛాతీ నొప్పికి ఒకటి. రెండు నొక్కుల్లో ఆర్డర్ అయిపోవాలి. నోట్స్ మొదట్లో చేతిరాతే ఉండనివ్వండి, స్కాన్ చేసి జతచేయవచ్చు. ఆర్డర్లు మాత్రం తెరమీదే.

ఎప్పుడు మొదలుపెట్టడం మంచిది?

రిజిస్ట్రేషన్, బిల్లింగ్, బెడ్లు ముందు. నెలన్నర స్థిరపడ్డాక ల్యాబ్. తరవాత ఫార్మసీ, ఆపైన రేడియాలజీ. అన్నీ ఒకే రోజు తెరవకండి. మార్చి చివరి వారం అకౌంట్స్ వాళ్లకు కుదరదు. నెల్లూరులో రొట్టెల పండగ రోజులు, ఎక్కడైనా డెంగీ ఉధృతి, తుపాను నెలలు వదిలేయండి. ఫిబ్రవరి అనుకూలం. ఆదివారం తెల్లవారుజామున మొదలుపెట్టి, మొదటి రెండు వారాలు ప్రతి అంతస్తులో తెలిసిన మనిషిని రాత్రి షిఫ్టులోనూ ఉంచండి.

మొదలయ్యాక రోజూ ఏం చూడాలి?

పొద్దున 8కి ఒకరు పది నిమిషాలు కూర్చుని నాలుగు అంకెలు చూడాలి: ఇంజిన్‌లో నిలిచిపోయిన సందేశాలెన్ని, నిన్న ల్యాబ్ స్వీకరించిన శాంపిళ్లకూ బిల్లయిన టెస్టులకూ తేడా ఎంత, కొత్తగా అనుమానమున్న డూప్లికేట్లెన్ని, వార్డులో నిజంగా ఉన్న పేషెంట్లకూ తెరమీది బెడ్లకూ తేడా ఎంత. నాలుగోది తెరమీద తేలదు. నైట్ సిస్టర్ డ్యూటీ దిగేముందు వార్డు తిరిగి లెక్కపెట్టి చెప్పాలి.